మందు వెనుక మనిషి: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెప్పే వైద్య నీతి

బిలాస్‌పుర్ (ఛత్తీస్‌గఢ్): ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న ఈ పట్టణంలో తెలుగు మాట కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వారు లోకో షెడ్లలో, స్టేషన్లలో, కార్యాలయాల్లో పనికి కుదిరి, ఇక్కడి రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడ్డారు. ఈ పట్టణంలోని ఏ మందుల దుకాణంలో చూసినా, ఏ ప్రభుత్వ ఆసుపత్రి పంపిణీ కిటికీ వద్ద చూసినా ఒక తెలుగువాడి శ్రమ ఫలం మాత్రల రూపంలో కనిపిస్తుంది. గర్భిణులకు, కొడవలి కణ రక్తహీనత ఉన్నవారికి ఇచ్చే ఫోలిక్ ఆమ్లం, బోదకాలు నివారణకు పంచే డీఈసీ, క్యాన్సర్‌కూ కీళ్లవాతానికీ వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ వర్గానికి చెందిన యాంటీబయాటిక్‌లు. వీటన్నిటి పుట్టుకలోనూ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుకు భాగం ఉంది.

ఆయన బిలాస్‌పుర్‌లో నివసించలేదు. అయినా ఆయన జీవితాన్ని ఈ పట్టణం నుంచి మళ్లీ చదవడానికి కారణం ఉంది. 2014 నవంబరు 8న బిలాస్‌పుర్ సమీపంలో, మూతపడిన ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో నిర్వహించిన కుటుంబ నియంత్రణ శిబిరంలో కొన్ని గంటల వ్యవధిలోనే 83 మంది మహిళలకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ తరువాతి రోజుల్లో 13 మంది మరణించారు. మృతుల్లో అత్యధికులు పేద ఇళ్ల యువతులు, చిన్న పిల్లల తల్లులు. శిబిరంలో పాటించిన శుభ్రతపైనా, ఇచ్చిన మాత్రల నాణ్యతపైనా, ఒక్క రోజులో అన్ని శస్త్రచికిత్సలు చేయడంపైనా తీవ్రమైన ప్రశ్నలు తలెత్తాయి. వైద్యంలో నీతి పుస్తకాలకు పరిమితమైన విషయం కాదని, అది లోపించిన చోట ప్రాణాలు పోతాయని ఆ ఘటన దేశానికి గుర్తుచేసింది.

వైద్య విద్య, పరిశోధన, చికిత్స అనే మూడు రంగాల్లోనూ నీతి ఎక్కడ పరీక్షకు నిలుస్తుందో తెలుసుకోవడానికి సుబ్బారావు జీవితం ఒక మంచి ఆధారం. ఆయన విద్యార్థిగా అన్యాయాన్ని చవిచూశారు. పరిశోధకుడిగా తన శ్రమకు దక్కవలసిన గుర్తింపును కోల్పోయారు. అధికారం చేతికి వచ్చినప్పుడు ఆ గుర్తింపును ఇతరులకు పంచారు. అదే సమయంలో ఆయన జీవితంలో సులభంగా సమర్థించలేని అంశాలూ ఉన్నాయి.

భీమవరం నుంచి మద్రాసు దాకా

సుబ్బారావు 1895 జనవరి 12న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం వదులుకోవలసి రావడంతో కుటుంబ భారం తల్లి వెంకమ్మ మీద పడింది. పిల్లవాడు చదువులో తొలినాళ్లలో ఏమంత చురుకుగా కనిపించలేదు. పదమూడేళ్ల ప్రాయంలో, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలన్న ఆలోచనతో ఇల్లు విడిచి బయలుదేరితే, వెతికి పట్టుకుని వెనక్కు తెచ్చారు. తండ్రి మరణానంతరం తల్లి నగలు అమ్మి చదివించింది. మెట్రిక్యులేషన్ పరీక్ష మూడో ప్రయత్నంలో గాని నెగ్గలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన మనసు సన్యాసం వైపు మొగ్గింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ససేమిరా ఒప్పుకోలేదు. ప్రజాసేవే లక్ష్యమైతే వైద్యం చదవమని మఠంలోని పెద్దలు సూచించారు. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. అంటే ఆయన వైద్యానికి వచ్చినది జీవనోపాధి కోసం కాదు, విడిచిపెట్టిన సన్యాసానికి బదులుగా. ఆ నిరాడంబరత తుదివరకూ ఆయనను వీడలేదు. చదువుకు అయిన ఖర్చులో కొంత మిత్రులు భరించగా, మరికొంత కస్తూరి సూర్యనారాయణమూర్తి సమకూర్చారు. ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం 1919లో జరిగింది.

ఖద్దరు గౌను, తగ్గిన పట్టా

అవి స్వాతంత్ర్యోద్యమం ఊపందుకుంటున్న రోజులు. గాంధీజీ పిలుపుకు స్పందించి సుబ్బారావు విదేశీ వస్త్రాలను విడిచి ఖద్దరు ధరించసాగారు. శస్త్రచికిత్స గదిలో వేసుకునే గౌను సైతం ఖద్దరుదే. శస్త్రచికిత్స శాస్త్రం బోధించే ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది ఆగ్రహం తెప్పించింది. రాత పరీక్షల్లో సుబ్బారావు రాణించినా, చివరకు ఆయన చేతికి వచ్చినది పూర్తిస్థాయి ఎంబీబీఎస్ పట్టా కాదు. దానికన్నా తక్కువదిగా భావించే ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే.

ఈ చిన్న సంఘటనలో వైద్య విద్యకు సంబంధించిన ఒక పెద్ద ప్రశ్న ఉంది. వైద్య కళాశాలలో గురువుకు శిష్యుడి మీద ఉండే అధికారం ఇతర విద్యాలయాల్లో కన్నా ఎక్కువ. ప్రయోగ పరీక్షలో, రోగి పడక పక్కన జరిగే మౌఖిక పరీక్షలో మార్కులు చాలావరకూ ఆచార్యుడి అభిప్రాయం మీదే ఆధారపడతాయి. విద్యార్థి నైపుణ్యానికి కాక అతడి వేషానికో, భావాలకో, పుట్టుకకో మార్కులు వేస్తే నష్టం ఆ ఒక్కరితో ఆగదు. చిన్నచూపుకు గురైన విద్యార్థి, రేపు వైద్యుడై తనకన్నా బలహీనుడైన రోగిని అదే చూపుతో చూసే ప్రమాదం ఉంది. సుబ్బారావు విషయంలో అలా జరగలేదు. అది ఆయన స్వభావ బలమే తప్ప ఆనాటి విద్యావ్యవస్థ గొప్పతనం కాదు.

ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే పనికి కుదిరారు. అప్పటికే ఇంట్లో మృత్యువు తన వాటా తీసుకుంది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులిద్దరినీ బలిగొంది. ఆహారం ఒంటపట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణించిపోయే ఆ వ్యాధికి అప్పట్లో అల్లోపతిలో సరైన మందు లేదు. సుబ్బారావు సైతం అదే జబ్బు బారిన పడి, లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. దానితో ఆయనకు ఆయుర్వేదం పట్ల గౌరవం పెరిగింది. అయితే ఒక మందు పనిచేసిందని తెలిస్తే చాలదు, ఎందుకు పనిచేసిందో, అందరికీ పనిచేస్తుందో లేదో ప్రయోగశాలలో తేలాలన్న పట్టుదలా అక్కడే మొదలయింది. తన ప్రాణం నిలిపిన చికిత్సను సైతం రుజువు అడగగలగడం పరిశోధకుడికి ఉండవలసిన మొదటి నిజాయితీ.

హార్వర్డ్‌లో పగలు, ఆసుపత్రిలో రాత్రి

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అందించిన సాయం, మామగారి తోడ్పాటు కలిసి ఆయనను ఓడ ఎక్కించాయి. 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం అభ్యసిస్తూ, పొట్టపోసుకోవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ కూలి పని చేశారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. మద్రాసులో వైద్య పట్టా పుచ్చుకున్న మనిషి అమెరికాలో వార్డు బాయ్ పని చేయడాన్ని పేదరికపు గాథగా చెప్పుకోవడం ఆనవాయితీ. రోగి అన్నవాడు కేసు పత్రంలోని అంకెలకు మించిన మనిషి అని ఆ రాత్రులు నేర్పినంతగా ఏ తరగతి గదీ నేర్పలేదన్నది దానిలో అంతగా పట్టించుకోని మరో కోణం.

డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో చేరారు. సైరస్ ఫిస్క్ పర్యవేక్షణలో ఆయన చేపట్టిన మొదటి పని రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి రూపొందించడం. మాలిబ్డేట్ ద్రావణంతో భాస్వరాన్ని కలిపి, దానికి ఒక క్షయకరణ పదార్థం చేర్చితే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. 1925లో వెలువడిన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని దశాబ్దాల పాటు ప్రపంచమంతటా జీవరసాయన విద్యార్థులు ప్రయోగశాలల్లో నేర్చుకున్నారు.

ఆ కొలత చేతికి రాగానే కండరాల రహస్యం తెరుచుకుంది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. కండరం పనిచేసేటప్పుడు అది తరుగుతుందని, విశ్రాంతి వేళ తిరిగి పెరుగుతుందని తేలింది. 1929లో ఏటీపీ అనే అణువును కండరం నుంచి వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. మనిషి కన్ను రెప్ప వేయడం మొదలు గుండె కొట్టుకోవడం దాకా జీవకణం ఖర్చుపెట్టే శక్తికి ఏటీపీయే నాణెం అని నేడు పాఠశాల పుస్తకాలు చెబుతున్నాయి. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ లభించింది.

ఎవరి పేరు మీద?

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత పదవి దక్కలేదు. ఉమ్మడి పరిశోధనల్లో ఆయన వాటా తగిన విధంగా వెలుగులోకి రాలేదు. అప్పట్లో అదే ప్రయోగశాలలో విద్యార్థిగా ఉండి, తరువాత 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఈ విషయమై స్పష్టంగా మాట్లాడారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్‌లను ఏళ్ల తరువాత మరెవరో మళ్లీ కనుగొనవలసి వచ్చిందని, అసూయ కారణంగానే కావచ్చు ఫిస్క్ ఆ ఫలితాలను బయటకు రానివ్వలేదని ఆయన అభిప్రాయపడ్డారు.

పరిశోధనా నీతి అనగానే రోగుల మీద జరిగే ప్రయోగాలే గుర్తుకు వస్తాయి. కాని పరిశోధకుల మధ్య న్యాయం కూడా అందులో భాగమే. ఒక ఫలితాన్ని తొక్కిపెట్టినప్పుడు నష్టపోయేది శ్రమించిన వ్యక్తి ఒక్కడే కాదు. ఆ ఫలితం ఆధారంగా మందు కనుక్కోగలిగిన మరొకరు, ఆ మందు కోసం ఎదురుచూసే రోగి కూడా నష్టపోతారు. పరిశోధనా పత్రంలో ఎవరి పేరు ఉండాలి, ఏ వరుసలో ఉండాలి, పని చేయని పెద్దల పేరు చేర్చవచ్చా అన్న వివాదాలు నేటికీ మన వైద్య కళాశాలల్లో వినిపిస్తూనే ఉన్నాయి. పదోన్నతికి పత్రాల సంఖ్య కొలమానమైన చోట ఆ ఒత్తిడి మరింత పెరుగుతుంది.

1940లో సుబ్బారావు హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లారు. అనతికాలంలోనే అక్కడి పరిశోధనా విభాగానికి సంచాలకుడయ్యారు. ఒక వ్యాపార సంస్థలో, పెద్ద బృందానికి అధిపతిగా, ఆయన తనకు జరిగినదానికి పూర్తి భిన్నంగా నడుచుకున్నారు. దారి చూపేది, సమస్యను ఎంచుకునేది, నిధులు సమకూర్చేది తానైనా, పత్రాల్లో ముందు వరుస సహచరులకు విడిచిపెట్టేవారు. తన విభాగం సాధించిన విజయాలను ప్రకటించే సభల్లో వెనుక వరుసలో కూర్చునేవారు. అందువల్లనే ఆయన ప్రతిభ గురించి సామాన్యులకు తెలిసినది తక్కువ.

కాలేయం నుంచి ఫోలిక్ ఆమ్లం

సోదరుల ప్రాణాలు తీసిన వ్యాధిని ఆయన మరచిపోలేదు. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు కాలేయ సారంలో ఏదో పదార్థం మందుగా పనిచేస్తుందని నాటి వైద్యులకు తెలుసు. అంతకు ముందే, బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో నేతమిల్లు కార్మిక స్త్రీల గర్భకాల రక్తహీనతను పరిశీలించి, చౌకగా దొరికే ఈస్టు సారంతో అది నయమవుతోందని 1931లో వెల్లడించారు. ఆ అజ్ఞాత పదార్థం ఫోలిక్ ఆమ్లమని క్రమంగా స్పష్టమైంది. కాలేయం నుంచి దానిని వేరుచేసి, నిర్మాణాన్ని తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఘనత సుబ్బారావు నేతృత్వంలోని లెడర్లీ బృందానిది. ఆ ప్రకటనలో సుదీర్ఘమైన పేర్ల జాబితా నడుమ ఆయన పేరు ఒకటి.

ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు, గర్భిణుల రక్తహీనతకు అద్భుతంగా పనిచేసింది. పెర్నీషియస్ అనీమియా అనే మరో రకం రక్తహీనతలో మాత్రం ఒక చిక్కు ఎదురైంది. రక్తం మెరుగుపడుతున్నా, నరాలకు కలిగే హాని ఆగడం లేదని వైద్యులు గమనించి ప్రకటించారు. ఆ రోగులకు కావలసినది విటమిన్ బీ12 అని 1948లో తేలింది. కొత్త మందు విజయగాథ వినిపిస్తున్న వేళ దాని పరిమితిని కూడా దాచకుండా చెప్పడం ఎంత అవసరమో ఈ ఉదంతం చూపుతుంది.

బిలాస్‌పుర్ పరిసరాలకు ఈ మాత్రతో ఉన్న బంధం మరింత గాఢమైనది. ఛత్తీస్‌గఢ్‌లో కొడవలి కణ వ్యాధి విస్తృతంగా ఉంది. ఎర్ర రక్తకణాలు త్వరగా నశించి, కొత్తవి నిరంతరం పుట్టవలసి రావడంతో ఆ రోగులకు ఫోలిక్ ఆమ్లం అవసరం పెరుగుతుంది. అందుకే వారికి దానిని రోజూ ఇస్తారు. ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమం 2023 జులై 1న మొదలైనది కూడా బిలాస్‌పుర్ రైల్వే డివిజన్ పరిధిలోని శహడోల్‌లోనే.

పసిపిల్లలు, ప్రమాదకరమైన ఆశ

సుబ్బారావు జీవితంలో నీతి ప్రశ్న అత్యంత కఠినంగా ఎదురైనది ల్యుకేమియా విషయంలో. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో వ్యాధి నిర్ధారణ నిపుణుడు సిడ్నీ ఫార్బర్, రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలను ఇచ్చి చూశారు. వ్యాధి తగ్గలేదు సరికదా, వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఆ చేదు ఫలితం నుంచే మరో ఆలోచన పుట్టింది. క్యాన్సర్ కణాలకు ఫోలిక్ ఆమ్లం ఆహారమైతే, దానిని అడ్డుకునే పదార్థం వాటిని ఆకలితో చంపగలదు. అటువంటి విరోధి పదార్థాలను తయారుచేసి అందించినది సుబ్బారావు బృందం. వాటిలో ఒకటి అమినోప్టెరిన్.

1947 చివరి నెలల్లో ఆ మందును పిల్లలకు ఇవ్వడం ఆరంభించారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన నివేదిక ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా మెరుగైంది. కొందరు పిల్లలు లేచి తిరిగారు. కాని కొన్ని నెలలకే వ్యాధి తిరగబెట్టింది. నోటి పుండ్లు, రక్తస్రావం వంటి దుష్ప్రభావాలూ తక్కువేమీ కాదు. మరణం తప్పదని తెలిసిన బిడ్డకు విషంలాంటి మందు ఇచ్చి బాధను పొడిగించడం న్యాయమా అని ఆసుపత్రిలోని సహచర వైద్యులే ప్రశ్నించారు. ఫార్బర్ నివేదిక మాత్రం ఆ మెరుగుదల తాత్కాలికమేనని, మందు విషప్రభావం కలిగినదని దాపరికం లేకుండా తెలిపింది.

ఆనాటికి ఆసుపత్రుల్లో నైతిక సంఘాలు లేవు. నాజీ వైద్యుల దురాగతాల విచారణ ముగింపులో, ప్రయోగానికి మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని చెప్పిన న్యూరెంబర్గ్ నియమావళి సరిగ్గా ఆ 1947లోనే వెలువడింది. హెల్సింకీ ప్రకటన రావడానికి 1964 దాకా ఆగవలసి వచ్చింది. పసిబిడ్డ తరఫున తల్లిదండ్రులు ఇచ్చే సమ్మతికి వైద్యుడి మాట మీద నమ్మకం తప్ప మరో రక్షణ లేని కాలమది. నేటి నియమాలతో ఆ ప్రయోగాలను తూచితే లోపాలు కనిపిస్తాయి. అదే సమయంలో, పిల్లల రక్త క్యాన్సర్‌లో నేడు అత్యధికులు బతికి బయటపడుతున్నారంటే ఆ మార్గం అక్కడే మొదలైంది. ఈ రెండు సత్యాలనూ ఒకేసారి గుర్తుంచుకోవాలి. ఒకదానిని చెప్పి రెండోదానిని విడిచిపెట్టడం చరిత్రకు గాని, ఆ పిల్లలకు గాని న్యాయం కాదు.

అమినోప్టెరిన్ స్థానంలో, దానికన్నా సురక్షితమని భావించిన మెథోట్రెక్సేట్ స్థిరపడింది. అదీ అజాగ్రత్తను క్షమించే మందు కాదు. కీళ్లవాతానికి దీనిని వారానికి ఒక్కసారే వాడాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. చీటీ మీద స్పష్టంగా రాయడం, రోగి భాషలో విడమరచి చెప్పడం ఇక్కడ మర్యాదకు సంబంధించిన విషయం కాదు, ప్రాణ రక్షణ. హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, బంగ్లా, ఒడియా వినిపించే బిలాస్‌పుర్ వంటి రైల్వే పట్టణంలో ఆ బాధ్యత మరింత పెద్దది.

పేదల జబ్బుకు మందు

వ్యాపార సంస్థలో పనిచేస్తూనే సుబ్బారావు ఉష్ణమండల దేశాల వ్యాధులను విస్మరించలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులు ఫైలేరియా బారిన పడటంతో ఆ వ్యాధికి మందు కావలసి వచ్చింది. ఆయన బృందం వందలాది పదార్థాలను ఫైలేరియా సోకిన ఎలుకల మీద పరీక్షించి, 1947లో డైఇథైల్‌కార్బమజీన్‌ను వెలుగులోకి తెచ్చింది. హెట్రజాన్ అన్న పేరుతో వచ్చిన ఆ మందే నేటి డీఈసీ. గోదావరి డెల్టాలో బోదకాలు ఎంత సామాన్యమో భీమవరంలో పుట్టిన మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు. సైనికుల కోసం మొదలైన వెతుకులాట ఫలితం ఆయన సొంత జిల్లా రైతు కూలీలకూ చేరింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ, ఛత్తీస్‌గఢ్‌లోని పలు జిల్లాల్లోనూ ప్రభుత్వం సామూహికంగా ఈ మాత్రలు పంచుతూ వచ్చింది. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారికి ఇవ్వకూడదన్నది నియమం. మిగిలినవారు ఆరోగ్య కార్యకర్త ఎదుటే మింగాలి. జబ్బు లేని మనిషిని ఊరి మేలు కోసం మందు మింగమని అడుగుతున్నప్పుడు, ఎందుకో చెప్పడం, వద్దన్నవారి సందేహం తీర్చడం పంపిణీలో భాగం కావాలి.

1944లో సుబ్బారావు మరో నిర్ణయం తీసుకున్నారు. విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగర్‌ను, డెబ్బై దాటిన వయసులో, లెడర్లీకి ఆహ్వానించారు. మట్టి నమూనాల్లోని సూక్ష్మజీవుల నుంచి డగర్ వెలికితీసిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటి మందు. 1948లో దానిని ప్రకటించినప్పుడు కీర్తి అంతా డగర్‌కే దక్కేలా సుబ్బారావు చూశారు.

తీరని బాకీ

ఇంత ఉదారుడైన మనిషి జీవితంలో ఒక బాకీ మాత్రం తీరకుండా మిగిలింది. 1922లో భార్యను స్వదేశంలో విడిచి, కొద్ది సంవత్సరాల్లో తిరిగి వస్తానని బయలుదేరిన ఆయన మళ్లీ భారతదేశం చూడలేదు. ఆయన వెళ్లాక పుట్టిన మగబిడ్డ శైశవంలోనే మరణించాడు. శేషగిరి భర్త రాక కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఒక పరిశోధన ముగిస్తే మరొకటి, ఒక మందు దొరికితే మరో వ్యాధి అంటూ తిరుగు ప్రయాణం వాయిదా పడుతూనే వచ్చింది. ఇన్ని లక్షల ఇళ్లకు ఉపశమనం చేర్చిన శాస్త్రానికి ఒక ఇల్లు మూల్యం చెల్లించింది. ఆ మూల్యం చెల్లించడానికి ఆమె సమ్మతిని ఎవరూ అడగలేదు. ఆయనను కొలిచే రచనల్లో ఈ మాట తరచుగా ఒక వాక్యంతో ముగుస్తుంది. నీతి గురించి మాట్లాడేటప్పుడు అది సరిపోదు.

1948 ఆగస్టులో, ఫార్బర్ నివేదిక వెలువడిన రెండు నెలలకు, సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం పొందే వీలు 1946లో భారతీయులకు కలిగినా ఆయన దానిని స్వీకరించలేదు. సహచరులు తరువాత ఒక కొత్త శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టి ఆయన స్మృతిని నిలిపారు. 1987లో పాత్రికేయుడు ఎస్.పి.కె. గుప్తా రాసిన సమగ్ర జీవిత చరిత్ర వెలువడింది. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది.

మళ్లీ బిలాస్‌పుర్‌కు

బిలాస్‌పుర్ విషాదం తరువాత, 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్టెరిలైజేషన్ శిబిరాల పద్ధతికి మూడేళ్లలో స్వస్తి పలకాలని కేంద్రానికి, రాష్ట్రాలకు నిర్దేశించింది. మహిళకు ఆమె భాషలో వివరించి, ఆలోచించుకునే వ్యవధి ఇచ్చి సమ్మతి తీసుకోవాలన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశాల్లో ఒకటి. తెలుగు నేల కూడా ఇటువంటి పాఠానికి దూరం కాదు. ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చిన ప్రయోగంలో, తల్లిదండ్రుల బదులు వసతి గృహాల వార్డెన్లు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసినట్టు విచారణలో బయటపడింది. 2010లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదని రెండు ఘటనలూ చెబుతున్నాయి.

మార్పు జరగలేదని అనలేము. భారత వైద్య పరిశోధన మండలి 2017లో సవరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలను జారీచేసింది. ఔషధ ప్రయోగాలకు 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. అదే ఏడాది నుంచి ఎంబీబీఎస్ పాఠ్యక్రమంలో వైఖరి, నీతి, సంభాషణ అనే అంశాలను మొదటి సంవత్సరం నుంచీ తప్పనిసరి చేశారు. బిలాస్‌పుర్‌లో 2001లో ఏర్పడిన వైద్య విజ్ఞాన సంస్థలో చదివే విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది. పట్టణానికి కొద్ది దూరంలోని గనియారిలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో శిక్షణ పొందిన కొందరు వైద్యులు 1990ల చివర మొదలుపెట్టిన జన స్వాస్థ్య సహయోగ్ తక్కువ ఖర్చుతో గ్రామీణ పేదలకు నాణ్యమైన వైద్యం అందించవచ్చని చూపుతోంది. ఒకే జిల్లాలో ఆ శిబిరం, ఈ ఆసుపత్రి రెండూ ఉండటం ఆలోచించదగిన సంగతి. రెండు చోట్లకూ వచ్చేది అవే గ్రామాల మనుషులు. తేడా వారిని చూసే చూపులో ఉంది.

నీతి పాఠం పరీక్షలో మార్కులకు పరిమితమైతే ఉపయోగం స్వల్పం. గురువు శిష్యుడితో, సంచాలకుడు సహాయకుడితో, వైద్యుడు రోగితో రోజూ ఎలా మెలుగుతారన్నదే విద్యార్థి నిజంగా నేర్చుకునే పాఠం. సుబ్బారావుకు అన్యాయం చేసిన గురువులు ఉన్నారు. ఆయన ఆ అన్యాయాన్ని తన కింద పనిచేసినవారికి బదిలీ చేయలేదు. బిలాస్‌పుర్ రైల్వే కాలనీలో ఒక గర్భిణి నేటి రాత్రి మింగే చిన్న మాత్ర వెనుక ఆ ఎంపిక కూడా ఉంది. ఆమె దానిని మింగేది, ఇచ్చినవారు తన మేలు కోరి ఇచ్చారన్న నమ్మకంతో. ఆ నమ్మకాన్ని నిలబెట్టడమే వైద్యంలో నీతికి మొదటి అర్థం.